జావాస్క్రిప్టులో కాల్‌బ్యాకుల చిక్కు - వరుస పట్టిక

జావాస్క్రిప్టు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ రూపొందించెను. బ్రౌజరులో నీ భాష సాధారణముగా ఒకసారి ఒకే పనిని చేయును. సర్వరునుండి ఫైలు వచ్చువఱకు అది కదలక కూర్చున్నచో పుటయంతయు స్తంభించును. కావున ఫైలును అడిగి, వచ్చిన పిమ్మట పిలువవలసిన ఫంక్షను నొకదానిని అప్పగించి, తన పనిలోనికి మరలును. ఆ ఫంక్షనే కాల్‌బ్యాకు.

ఫైలు ఒక్కటే యైనచో చిక్కు లేదు. కాని తెలుగు, కన్నడము, తమిళము - ఈ మూడింట చూపవలసిన సంఘపు పుట నొకదానిని తలంపుడు. సెట్టింగుల ఫైలు వచ్చినగాని ఏ భాషయో తెలియదు. భాష తెలిసినగాని మాటల పట్టికను అడుగ వీలులేదు. పట్టిక లేనిదే పుటను గీయుట యెట్లు? పాత పద్ధతిలో మొదటి కాల్‌బ్యాకు కడుపులో రెండవది, దానిలో మూడవది ఇముడును. పంక్తులు కుడివైపునకు జరుగుచునే యుండును. ప్రోగ్రామరులు దీనిని కాల్‌బ్యాకు నరకమని ఊరక అనలేదు. వికారపు రూపమును సహింపవచ్చును గాని, ప్రతి మెట్టునందును తప్పును విడిగా పట్టుకొనవలసి వచ్చుటయే అసలు బాధ. ఒక్కచోట మఱచితిమా, పుట తెల్లగా నిలిచిపోవును, కారణము చెప్పువాడుండడు. మధ్యలో కొత్త మెట్టు చేర్చవలెనన్న, దాని క్రిందివన్నియు మరల సర్దవలయును.

2015 నాటి భాషాప్రమాణమున ప్రామిస్, 2017 నాటి దానియందు అసింక్, అవైట్ అను మాటలు చేరుటతో దారి సులువయ్యెను. ఇపుడు మెట్లన్నిటిని ఒక పట్టికగా వ్రాయుదుము. ప్రతి పద్దునందు మెట్టు పేరు, ఫైలు చిరునామాను కట్టియిచ్చు ఫంక్షను, అది తప్పనిసరియా కాదా అను గుర్తు ఉండును. ఒక లూపు ఆ పట్టికను వరుసగా చదివి, అవైట్‌తో నిలిచి, వచ్చిన ఫలితము నొక ఆబ్జెక్టులో చేర్చి తరువాతి మెట్టునకు అందించును. చిరునామాను ఫంక్షనుగా నుంచుట యిందులకే. మాటల పట్టిక చిరునామా సెట్టింగులు వచ్చిన పిమ్మటగాని తేలదు. తప్పులను పట్టుచోటు ఇపుడొక్కటే. కార్యక్రమముల జాబితా రాకున్నను పుట కనబడవలెనన్న దాని గుర్తును మార్చిన చాలును.

ఇచట లూపు ఫర్-ఆఫ్ కావలయును. ఫర్‌ఈచ్ లోపల అవైట్ వ్రాసినను అది ఆగదు. మెట్లన్నియు ఒక్కసారిగా బయలుదేరును. అట్లని అన్నిటిని వరుసలో నిలుపుటయు తెలివి కాదు. ఒకదానిపై నొకటి ఆధారపడని మూడు ఫైళ్లకు తలా ఒక సెకను పట్టినచో వరుసలో మూడు సెకనులగును, ప్రామిస్.ఆల్‌తో కలిపి అడిగినచో సుమారొక సెకనులో ముగియును. మఱియొక సంగతి: సర్వరు 404 అని బదులిచ్చినను ఫెచ్ దానిని తప్పుగా నెంచదు. ఓకే అను గుణమును లూపులోనే పరీక్షించి, కానిచో తప్పును మనమే లేవనెత్తవలయును.