మీకు తెలుసా? క్రోషా బొమ్మకు యంత్రం లేదు

సంక్రాంతి సెలవులకో, క్రిస్మస్‌కో, రంజాన్‌కో పిల్లల చేతికి సొంతంగా అల్లిన బొమ్మ ఇవ్వాలనుకునే నందికొట్కూరు అక్కచెల్లెళ్ల కోసం ఈ సంగతులు.

● అంగట్లో చూసినా, ఫోన్‌లో చూసినా, నిజమైన క్రోషా బొమ్మ ప్రతిదీ ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. మేజోళ్లు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే తయారుచేశారు. కొక్కెం సూదితో అల్లే క్రోషాకు మాత్రం ఫ్యాక్టరీలు వాడే యంత్రం ఈనాటికీ రాలేదు. అరచేతిలో పట్టే ఎలుగుబంటికి కూడా కొన్ని గంటలు పడుతుంది. అది మరీ చౌకగా దొరుకుతోందంటే, తగ్గింది అల్లినవాళ్ల కూలే.

● ఈ బొమ్మల తల గుండ్రంగా రావడం వెనక ఉన్నది ఒక లెక్క. జపాన్ నుంచి ప్రపంచమంతా పాకిన ‘అమిగురుమి’ పద్ధతిలో సాధారణంగా 6 కుట్లతో మొదలుపెడతారు. తర్వాతి వరసల్లో 12, 18, 24. ఇలా వరసకు ఆరేసి పెంచితే అల్లిక చపాతీలా చదునుగా ఉంటుంది. పెంచడం ఆపితే నిలువుగా లేస్తుంది, తగ్గిస్తూ పోతే మూసుకుంటుంది. మూసేలోపు దూది కూరాలి. మరీ ఎక్కువ పెంచితే అంచులు కుచ్చిళ్లు పడతాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన డైనా టైమినా 1997లో ఆ కుచ్చిళ్లతోనే, జీనులా వంగే తలాల గణితమైన హైపర్బోలిక్ జ్యామితిని విద్యార్థులు చేత్తో తాకి తెలుసుకునేలా చేశారు.

● క్రోషాలో మన తెలుగునాడుకు పెద్ద పేరు తెచ్చింది నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టా ఇళ్లలో పాతుకుపోయి విదేశాలకు ఎగుమతైంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం వెలువరించారు. రోజుకు గంటల తరబడి అల్లే ఆడవాళ్లను గృహిణులుగానే లెక్కగట్టి, వాళ్ల శ్రమను తీరిక పనిగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. నాకు ఆ మాట ఇవాళ్టి బొమ్మలకూ వర్తిస్తుందనిపిస్తుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

● డెన్మార్క్‌లో 2013 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కోసం నూలు దారంతో ఆక్టోపస్‌లు అల్లి ఆసుపత్రులకు ఇస్తున్నారు.

● కుక్కపిల్ల, కుందేలు అందరూ అల్లుతారు. మన దగ్గర అల్లాల్సిన ప్రాణి ఇంకొకటి ఉంది. నందికొట్కూరు నియోజకవర్గంలోనే, మిడుతూరు మండలం రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటైంది. ఎగిరే పక్షుల్లో అతి బరువైన వాటిలో అదొకటి. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. పచ్చిక బీళ్లు తగ్గి ఇప్పుడు దేశమంతటా అంతరించే దశకు చేరింది, రోళ్లపాడులోనూ కనిపించడమే అరుదైంది. తెల్ల మెడ, నల్ల టోపీ, గోధుమరంగు వీపు: మూడు ఉలన్ ఉండలు చాలు. అక్కడే తిరిగే కృష్ణజింకకు మెలికల కొమ్ములు అల్లడం ఇంకాస్త కష్టం. కొమ్ముల్లో, కాళ్లలో తీగ మాత్రం పెట్టకండి.

● మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు ప్లాస్టిక్ కళ్లు, పూసలు వద్దు. ఊడితే గొంతులో అడ్డం పడతాయి. నల్లదారంతో కుట్టండి. అల్లిక బిగువుగా ఉంటేనే లోపలి దూది బయటికి రాదు.

● అమ్మాలనుకుంటున్నారా? 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ముందు ఆ నమోదు చేయించుకోండి. ధర కట్టేటప్పుడు దారం ఖర్చుతో ఆగక, కూర్చున్న గంటలూ లెక్కేయండి. కొనేవాళ్లకూ ఒక మనవి: పక్కింటి అక్క అల్లిన బొమ్మకు బేరమాడకండి.