అడుగు ఆరితేనే చెక్క నేల పదిలం
షటిల్‌ కోర్టులకు కాంక్రీటు చదునే కీలకం

అమలాపురం: అమలాపురానికి చెందిన సాత్విక్‌ సాయిరాజ్‌ రంకిరెడ్డి 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్‌ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్‌లో స్వర్ణం సాధించారు. ఆయన బాటలో నడవాలనుకునే చిన్నారులకు రాకెట్‌తో పాటు కాళ్ల కింది నేలా ముఖ్యమే. గట్టి కాంక్రీటుపై నిత్యం ఎగిరి దూకితే మోకాళ్లు, చీలమండలపై భారం పడుతుంది. అందుకే ఇండోర్‌ కోర్టుల్లో కాంక్రీటుపై చెక్క నేల, దానిపై సింథటిక్‌ మ్యాట్‌ పరుస్తారు.

కోనసీమలో ఈ పనికి రెండు చిక్కులున్నాయి. గోదావరి పాయల మధ్య ఉన్న ఈ డెల్టాలో భూగర్భజలం పైనే ఉండటంతో తేమ కాంక్రీటులోకి ఎక్కుతుంది. పల్లపు స్థలాలను మెరక చేసినప్పుడు దిమ్మిస సరిగా కొట్టకపోతే నేల కొన్నేళ్లకు అక్కడక్కడా కుంగుతుంది.

కొలత ఇలా..
డబుల్స్‌ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. నీటి గొట్టంతో మట్టం చూసి, 3 మీటర్ల అల్యూమినియం బద్దను అన్ని దిశల్లో ఆనించాలి. బద్ద కింద 3 మి.మీ. మించి సందు కనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి. పగుళ్లు ఇంకా పెరుగుతుంటే నేల కుంగడం ఆగలేదని అర్థం. ముందు దానిని సరిచేయాలి.

తేమ పరీక్ష
45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్‌ ముక్కను నేలపై పరిచి అంచులకు టేపు అంటించాలి. 16 గంటల తర్వాత తీసి చూడాలి. లోపల నీటి చుక్కలు పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా చెక్క వేయరాదు.

చదును చేసే విధానం
ఎత్తుగా ఉన్నచోట గ్రైండింగ్‌ చేయాలి. పల్లాలను దుమ్ము, నూనె జిడ్డు లేకుండా శుభ్రం చేసి, ప్రైమర్‌ పూసి, సెల్ఫ్‌ లెవెలింగ్‌ మిశ్రమంతో నింపాలి. ఇసుకతో నింపితే అది జరిగిపోతుంది. పలుచగా పూసిన సిమెంటు పూత పెచ్చులూడుతుంది.

మిశ్రమం పూర్తిగా ఆరాక మందపాటి పాలిథిన్‌ షీటు పరిచి, అతుకులు ఒకదానిపై ఒకటి వచ్చేలా టేపు వేయాలి. దానిపై చెదల మందు పట్టించిన రీపర్లు అమర్చి, మట్టం తగ్గినచోట గట్టి ప్యాకింగ్‌ ముక్కలు పెట్టాలి. ఆధారం లేని రీపరు కాలు పడినప్పుడల్లా వంగి చప్పుడు చేస్తుంది. ఆపైన ప్లైవుడ్‌, పలకలు బిగించాలి.

గోడ పక్కన ఖాళీ తప్పనిసరి
చెక్క వానలకు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. పలకలను కొన్ని రోజుల ముందే హాలులో ఉంచి, అక్కడి వాతావరణానికి అలవాటు పడ్డాకే బిగించాలి. నాలుగు గోడల వెంట ఖాళీ వదలకపోతే ఉబ్బిన పలకలు మధ్యలో పైకి లేస్తాయి. అప్పుడు నేల మొత్తం విప్పక తప్పదు. పరీక్షకయ్యే పాలిథిన్‌ ముక్క, ఒక రోజు సమయం ఆ ఖర్చు ముందు లెక్కలోకి రావు.