మృగశిరకు ముందే ఇన్‌ఫ్లూయెంజా టీకా

1918వ సంవత్సరము జూన్ నెలలో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరము రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించెను. సెప్టెంబరు మొదలు వచ్చిన రెండవ విడత మిక్కిలి క్రూరమైనది. ఆ యేట వర్షములును తప్పెను. 1911లో 1 కోటి 33 లక్షలుగా నుండిన హైదరాబాదు రాజ్యపు జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు దిగెను. క్షామమును, ఇతర వ్యాధులును ఇందుకు కారణములే గాని, ఈ జ్వరము పాలు తక్కువది కాదు.

ఇది నూరేండ్ల నాటి మాట యని త్రోసివేయరాదు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశమున మొట్టమొదట బయటపడినది హైదరాబాదులోనే. 2015 ఆరంభమున తెలంగాణమున నది మరల విజృంభించెను. ఆ జాతియే నేడు ఏటేట వచ్చు ఫ్లూలలో నొకటియై నిలిచియున్నది.

రామగుండము, గోదావరిఖని గనులకు చుట్టుపట్ల గ్రామముల నుండి జనము షిఫ్టు షిఫ్టునకు పోయి వచ్చుచుందురు. బస్సునందును, గనిలోనికి దిగుచోటను ఒకరి దగ్గు మరియొకరికి తగులును. పాలును, కూరగాయలును అమ్మబోవు రైతునకును ఆ గాలియే. బొగ్గుధూళిచే ఊపిరితిత్తులు చెడిన విశ్రాంత కార్మికు లెందరో మన యూళ్లలో కలరు. పడుచువానికి నాలుగు దినముల జ్వరమైనది వారికి న్యుమోనియాయై ప్రాణము తీయవచ్చును. గర్భిణులకును, మధుమేహము గలవారికిని, పసిబిడ్డలకును అదే భయము.

ఒకమారు వేయించుకొన్న టీకా చాలదా యని కొందరడుగుదురు. చాలదు. ఈ సూక్ష్మజీవి యేటేట వేషము మార్చును. కావున ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి ఫిబ్రవరిలోను, సెప్టెంబరులోను టీకాయందు చేర్చవలసిన జాతులను నిర్ణయించును. జాతి సరిపడిన యేట సైతము రక్షణ నూటికి 40 నుండి 60 వరకే. అంతమాత్రమునకా యని నిరాకరింపకుడు. ప్రత్తికట్టె తీయని చేను ఒక్కటి యున్నను గులాబిరంగు పురుగు ఊరంతకు ప్రాకుట మన మెరిగినదే. టీకా పదిమందియు వేయించుకొన్నప్పుడే జ్వరము పారు దారి యిరుకగును. సూదిమందు టీకాలో నుండునది చంపబడిన సూక్ష్మజీవి గాన దానివలన ఫ్లూ రాదు. ఒకటి రెండు దినములు చేయి నొచ్చును, కొందరికి ఒళ్లు వెచ్చబడును. ఆరు మాసములు నిండని బిడ్డకు టీకా లేదు. తల్లి గర్భవతిగా నున్నప్పుడు వేయించుకొన్నచో బిడ్డకును కొంత కాపు.

జ్వరము మన ప్రాంతమున వానలతో హెచ్చి, చలికాలమున మరల వచ్చును. టీకా పనిచేయుటకు రెండు వారములు పట్టును. కాన రోహిణి కార్తెలోనే పని ముగింపవలెను.

ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా వేయు టీకాల పట్టికలో ఇది లేదు. విడివిడిగా కొనుట పేదకు భారము. ఎరువులకును, విత్తనములకును చేయునట్లే సంఘము సభ్యుల పేర్లు ముందుగా వ్రాసికొని, వృద్ధులను, రోగులను మొదట నిలిపి, వైద్యాధికారితో మాటలాడి మొత్తముగా తెప్పింపవచ్చును. చెల్లింపలేని వారి భాగమును సర్వసభ్య సమావేశము నిర్ణయింపవలెను. బుడ్డిపై తేదీ చూచి, ఆ యేటి టీకాయే యని తెలిసికొనవలెను. దానిని 2 మొదలు 8 డిగ్రీల చలిలో నుంచవలయును. మంచుగడ్డకు తగిలి గడ్డకట్టిన బుడ్డిని పారవేయవలసినదే.