దొంగ సినిమాలు, ప్రకటనల సొమ్ము

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో రాత్రి షిఫ్టు ముగించుకొని యిల్లు చేరిన కార్మికునకు వినోదమనగా చేతనున్న సెల్‌ఫోనే. కుటుంబముతో సినిమాహాలునకు పోవలెనన్న టిక్కెట్లు, బస్సు చార్జీలు, పిల్లల తినుబండారములు కలిసి ఒక దినపు కూలిని మ్రింగివేయును. అదే చిత్రము విడుదలైన మరునాడే ఫోనులో ఊరకనే దొరకుచున్నదన్నచో వలదనువారెవరు? సోదరీమణులారా! ఆ "ఊరక" యను మాటను గూర్చియే నేనిచట వ్రాయబూనితిని.

ఐబొమ్మ యను పేరు వినని తెలుగు గృహములరుదు. దానిని నడుపుచున్నాడను అభియోగముపై హైదరాబాదు పోలీసులు 2025 నవంబరులో ఒక యువకుని కూకట్‌పల్లిలో పట్టుకొనిరి. కూకట్‌పల్లి దాటిన మియాపూరు, ఆపై పటాన్‌చెరు, ఆపై సంగారెడ్డి. అన్నియు ఒకే ముంబాయి రహదారి వెంట నుండునవే. నాటి పోలీసు కమిషనరు సజ్జనారుగారు పత్రికలవారికి తెలిపిన వివరములివి: నిందితుని డిస్కులలో 21,000 చిత్రములుండెను, సుమారు 3 కోట్ల రూపాయలు స్తంభింపజేయబడెను, 50 లక్షలమంది ప్రేక్షకుల వివరములతని వద్ద చేరియుండెను. చూచినవారు ఒక్క పైసయైన నీయలేదు గదా, యింత ధనమెచ్చటనుండి వచ్చినది? బెట్టింగు యాప్‌ల ప్రకటనల వలననే యని పోలీసులు చెప్పిరి. సినిమా కొరకు నొక్కిన వ్రేలిని జూదపు వాకిటికి చేర్చుటకే ఆ సైటుకు ధనము ముట్టుచుండెనన్న మాట. అనగా అచట అమ్ముడుపోయిన సరకు సినిమా కాదు. చూచుటకు వచ్చిన మనవారే.

ప్రకటనల ధనముతో పత్రికలు నడచుట మనకు క్రొత్త గాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనమమ్మిన చేతితోనే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. లోధ్ర యను స్త్రీల ఔషధమును తయారుచేసిన కేసరిగారు 1928లో గృహలక్ష్మిని వెలువరించిరి. ప్రకటన యిచ్చువారెవరో, అది యే పుటలో పడుచున్నదో అందరికిని తెలియుచుండెను. నేడు అంతర్జాలమునందలి పద్ధతి వేరు. మీరొక పుట తెరచినంతనే, అది కనబడులోపల, ఆ పుటలోని ఖాళీ చోటు యంత్రములచేత వేలము వేయబడును. ఎక్కువ పాడినవారి ప్రకటన అందు ప్రత్యక్షమగును. ఇదంతయు ఱెప్పపాటు కాలములో జరిగిపోవును. నడుమ దళారులనేకులు. సబ్బుల కంపెనీవారు తమ ప్రకటన మంచి వార్తాపత్రికలో పడినదని తలచుచుండగా, అది దొంగ సినిమాల పుటలో వెలుగుచుండవచ్చును. వారి సొమ్ము వారికి తెలియకయే దొంగను పోషించును.

దీనికి విరుగుడు మొదట లండను పోలీసులు కనిపెట్టిరి. 2013లో వారు మేధాసంపత్తి నేరములకై ప్రత్యేక శాఖనొకదానిని నెలకొల్పి, దొంగసైటుల పట్టికను సిద్ధపరచి, ప్రకటనదారులకును దళారులకును అందజేసిరి. ఈ సైటులకు మీ సొమ్ము పోనీయకుడని దాని భావము. 2014లో కొన్ని సైటులలో ప్రకటనలుండవలసిన చోట పోలీసుల హెచ్చరికయే కనబడునట్లు గూడ చేసిరి. దానిని మాదిరిగా గొని 2016లో తెలంగాణ ప్రభుత్వము, తెలుగు చలనచిత్ర వర్గములవారి కోరికపై, ఇట్టి శాఖనే మన దేశమున మొదటిసారిగా ప్రకటించెను.

నా మట్టుకు పట్టిక సగము మందు మాత్రమే యని తోచుచున్నది. పేరుప్రతిష్ఠలుగల కంపెనీ సిగ్గుపడి వెనుదీయును. అట్లు ఖాళీయైన చోటు ఊరకుండునా? సిగ్గెరుగని జూదగాడు వచ్చి కూర్చుండును. కనుక ప్రకటననే నేరముగా నెంచుట అవసరమైనది. తెలంగాణములో 2017 నుండియే పందెముల ఆన్‌లైను ఆటలు నిషిద్ధములు. ఐనను నిర్వాహకులు విదేశములలో నుండుటచే చట్టము వారినందుకొనజాలదయ్యెను. 2025 మార్చిలో మియాపూరు పోలీసులు బెట్టింగు యాప్‌లను ప్రచారము చేసిరని 25 మందిపై కేసు పెట్టిరి. అందు పేరొందిన నటీనటులు గూడ నుండిరి. ఆ సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, ధనము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను ప్రకటించువారికి రెండేండ్ల వరకు ఖైదును, 50 లక్షల వరకు జరిమానాను విధించినది. అట్టి ఆటలకు బ్యాంకులు సొమ్ము చేరవేయరాదనియు శాసించినది.

ఇందు ఇల్లాండ్రకేమి పనియని మీరడుగవచ్చును. జీతము బ్యాంకులో పడిన నాటి రాత్రియే అది కరగిపోయిన యింట మొదట తెలిసికొనునది ఇల్లాలే గదా. చీటీకి కట్టవలసిన సొమ్మేమాయెనని ఆమెయే అడుగవలెను; పిల్లల ఫీజునకు అప్పు పుట్టింపవలసినదియు ఆమెయే. జూదమాడినందుకు మగవానిని తిట్టి ఊరకొనుటకంటె, అతడా వాకిటికెట్లు పోయెనో విచారించుట మేలు. పలుమారులది సినిమా కొరకు తెరచిన పుటయే యగును.

మీరెరిగిన నూనెయో, బట్టల సబ్బో ఇట్టి పుటలో కనబడినచో, ఆ పుటను ఫోనులో ఫొటోగా పట్టి ఆ కంపెనీవారికి పంపుడు. నెలనెల వారి సరకు కొనుచున్నది మీరే గనుక మీ ఉత్తరమునకు విలువ యుండును. మోసపు ప్రకటనలను గూర్చి 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణ మండలికి గూడ ఫిర్యాదు చేయవచ్చును. ఇంకొక మాట. కమీషనిత్తుము, మీ బ్యాంకు ఖాతాను వాడుకొననిండని ఎవరైన మీ యింటివారినడిగినచో ఒప్పుకొనవలదు. జూదపు సొమ్ము చేతులు మారునది ఇట్టి ఎరువు ఖాతాలలోనే. పోలీసులు మొదట వచ్చునది ఆ ఖాతాదారుని యింటికే. సొమ్ము మోసముగా పోయినచో తెల్లవారువరకు వేచియుండక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు సొమ్ము దాటిపోవుటకు కొన్ని నిమిషములే చాలును.