పనిముట్టుకు వివరణ వ్రాయుట

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదు నగరమున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. రాళ్ల గుట్టల నడుమ వెలసిన ఆ కట్టడము చుట్టును నేడు హైటెక్ సిటీ మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు వరుస తీరియున్నవి. వానిలో కొన్ని కార్యాలయములందు జరుగు పని మరికొన్ని మేడలను గూర్చినదే. ఎచ్చటనో దేశాంతరమున కట్టబోవు ఆసుపత్రికి గాని, పాఠశాలకు గాని కావలసిన నమూనాను ఇచ్చటి ఇంజనీర్లు కంప్యూటరుపై సిద్ధము చేయుచుందురు.

ఈ నమూనా కేవలము బొమ్మ కాదు. పూర్వము నక్షాకాగితముపై గోడ యనగా రెండు గీతలు. రెవిట్ వంటి సాఫ్టువేరులో గోడ యనగా పొడవు, ఎత్తు, మందము, అందు వాడు ఇటుక, ఎంతసేపు మంటకు ఆగగలదను విషయము, ఇవన్నియు కూడిన ఒక వస్తువు.

ఇపుడీ పనిలోనికి కృత్రిమ మేధ ప్రవేశించినది. ‘ఈ గోడల ఎత్తు పెంచుము’ అని మామూలు మాటలలో చెప్పినచో, ఏజెంటు అనబడు ప్రోగ్రాము తగిన పనిముట్టును తానే యెన్నుకొని నమూనాను మార్చును. పనిముట్టనగా ఇచ్చట సుత్తియు తాపీయు కాదు; ఒక్కొక్క పనికై ఇంజనీర్లు ముందుగా వ్రాసియుంచిన చిన్న ప్రోగ్రాము. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలో ప్రతి పనిముట్టుకును ఒక పేరు, ఒక వివరణ, దానికి అందింపవలసిన అంశముల పట్టిక ఉండును. సాధారణముగా ఏజెంటుకు పనిముట్టు లోపలి భాగము కనబడదు. ఈ వివరణనే నమ్మి అది పని చేయును. మందుసీసాపై ‘జ్వరమునకు’ అని మాత్రమే వ్రాసి, మోతాదు వ్రాయకున్న ఏమగునో మన యిండ్లలో అందరకును తెలియును. ఇచ్చటను అంతియే.

మొదటి చిక్కు కొలతలది. ‘గోడ ఎత్తును మార్చును’ అని మాత్రమే వివరణ యున్నదనుకొందము. మూడు మీటర్లు కావలెనని కోరగా ఏజెంటు 3 అను అంకెను అందించును. రెవిట్ తెరపై మిల్లీమీటర్లను చూపుచున్నను, లోలోపల పొడవులను అడుగులలోనే దాచుకొనును. పనిముట్టు ఆ అంకెను మార్చక యట్లే పంపినచో మూడడుగుల గోడ, అనగా మీటరైనను లేని గోడ, తయారగును. స్థలమును గజములలోను, ఇంటిని చదరపుటడుగులలోను, నక్షాను మిల్లీమీటర్లలోను చెప్పుకొను మనకు ఈ చిక్కు క్రొత్త కాదు. 1999లో అమెరికావారి అంగారక నౌక, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, నష్టమగుటకు కారణము ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కన ఇచ్చిన అంకెను వేరొకటి న్యూటన్ల లెక్కగా తీసికొనుటయే.

రెండవ చిక్కు మాటలది. మనకు నేలపై నున్నది గ్రౌండ్ ఫ్లోరు, దానిపైది మొదటి అంతస్తు. అమెరికాలో సాధారణముగా నేలపైదే మొదటి అంతస్తు. ‘రెండవ అంతస్తు’ అని వ్రాసి విడిచినచో మార్పు ఒక అంతస్తు తప్పి జరుగవచ్చును.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. రెవిట్‌లో గోడను తొలగించినచో అందు అమర్చిన తలుపులు, కిటికీలు కూడ దానితోనే పోవును. ‘గోడను తొలగించును’ అను వివరణలో ఈ సంగతి లేదు. ఆసుపత్రిలో రోగులు బయటపడవలసిన దారిలోని తలుపు అట్లు మాయమై, ఎవరును గమనింపకున్నచో, ఆ పొరపాటు కట్టడము వరకును పోవచ్చును.

కావున మంచి వివరణ యిట్లుండవలెను: ‘ఎంచిన గోడను తొలగించును. అందలి తలుపులు, కిటికీలు కూడ తొలగును. ముందుగా వాని జాబితాను చూపి అనుమతి అడుగవలెను. గోడ స్థానము మార్చుటకు దీనిని వాడరాదు.’ ఏమి చేయును, ఏ కొలతలో ఈయవలెను, వెంట ఏమి మారును, ఎప్పుడు వాడరాదు అను నాలుగు సంగతులును ఇందుండవలెను. వివరణ అతిదీర్ఘమైనను మేలు కాదు. ముఖ్యమైన మాట మరుగున పడును. వ్రాసినదానిని ఆ పనితో సంబంధము లేని సహోద్యోగిచే చదివించి, ఏమి అర్థమైనదో అడుగుట సులభమైన పరీక్ష. వివరణ ఎంత బాగున్నను తుది నమూనాను ఇంజనీరు స్వయముగా పరిశీలింపక తప్పదు.

కోడు వ్రాయుటకు ఏండ్ల తరబడి శిక్షణ పొందిన యువకులు ఈ నాలుగు వాక్యములను చివరి నిమిషమున ముగించుట కలదు. కట్టడపు పని తెలిసినవారిని దగ్గర కూర్చుండబెట్టుకొని వానిని వ్రాయుట మంచిదని మా అభిప్రాయము. తలుపు పోయిన గోడ ఎట్టిదో వారికి తెలియును.