యేసు తాను దేవుణ్ణని చెప్పుకున్నాడా?

అమెరికాలో పెరిగే మన పిల్లలకు కాలేజీలో అడుగుపెట్టాక ఒక వాదన తరచుగా ఎదురవుతుంది. యేసు తాను దేవుణ్ణన్నాడు. అలా అన్నవాడు అబద్ధాలకోరో, మతి తప్పినవాడో, నిజంగా దేవుడో అయి ఉండాలి తప్ప ఉత్త మంచి గురువు కాలేడు అని. దీనికి ప్రాచుర్యం తెచ్చిన సి. ఎస్. లూయిస్ యుద్ధకాలపు బి.బి.సి. ప్రసంగాలు 1952లో పుస్తకంగా వచ్చాయి. హిందువులూ క్రైస్తవులూ ఒకే ఇంట్లో ఉన్న కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. కాబట్టి పిల్లలు ఈ మాటకు బెదరకూడదు, ఎదుటివారి నమ్మకాన్ని వెక్కిరించనూ కూడదు.

నా దృష్టిలో అసలు చిక్కు మొదటి వాక్యంలోనే ఉంది. ఆయన నిజంగా అలా అన్నాడా?

తానూ తండ్రీ ఒకటేనని, అబ్రాహాముకన్నా ముందే తానున్నానని యేసు చెప్పేది యోహాను సువార్తలో. పండితులు ఎక్కువమంది దాన్ని క్రీ.శ. 90-100 నాటిదంటారు, అంటే సిలువ వేసిన అరవై ఏళ్ళకు. 70 ప్రాంతపు మార్కు సువార్తలో అంత సూటి మాటల్లేవు. పైగా తనను మంచివాడన్న మనిషితో, దేవుడొక్కడే మంచివాడని యేసు అంటాడు. అంత పెద్ద మాట ఆయన బహిరంగంగా అని ఉంటే మార్కు వదిలేస్తాడా? బార్ట్ ఎర్మన్ 2014లో వెలువరించిన పుస్తకంలో యేసు తనను దేవుడిగా చెప్పుకోలేదనే అన్నాడు. 'దేవుని కుమారుడు' అన్న బిరుదు కూడా హీబ్రూ గ్రంథాల్లో రాజులకు వాడినదే.

రెండో పక్క కూడా బలహీనమైనది కాదు. మార్కులోనే యేసు పాపాలు క్షమిస్తాడు. మనుష్యకుమారుడు దేవుని కుడిపక్కన కూర్చుంటాడని విచారణలో అంటే ప్రధాన యాజకుడు దైవదూషణ అంటాడు. 50ల నాటి పౌలు లేఖల్లోనే యేసుకు దైవస్థానం ఉంది. ఒకే దేవుణ్ణి కొలిచే యూదుల్లో ఈ ఆరాధన అతి త్వరగా పుట్టిందని లారీ హర్టాడో 2003లో వివరంగా వాదించాడు. అవతారాలకు అలవాటుపడ్డ మనకు ఇది మామూలుగా తోచవచ్చు గాని, వాళ్ళకది చాలా పెద్ద అడుగు.

అయితే శిష్యులు నమ్మినదీ, గురువు చెప్పినదీ ఒకటే కానక్కర్లేదు. నా తూకంలో తేలేది ఇది: యేసు తనకు అసాధారణమైన అధికారం ఉందన్నాడు; శిష్యులు త్వరలోనే ఆయన్ని ఆరాధించారు; సూటిగా 'నేను దేవుణ్ణి' అన్నాడని మాత్రం చరిత్ర రుజువు చెయ్యలేదు. లూయిస్ చెప్పిన మూడు దారులకు నాలుగోది కూడా ఉంది: ఆ మాటలు తర్వాతివారి విశ్వాసం నుంచి వచ్చి ఉండవచ్చు.

దీనివల్ల విశ్వాసికి వచ్చే నష్టమేమీ లేదు, ఎందుకంటే విశ్వాసానికి చరిత్రే పునాది కానక్కర్లేదు. నమ్మనివారికి గెలుపూ లేదు. ఎవరైనా అడిగితే ముందు ఏ సువార్త, ఎప్పటిది అని అడగమని మన పిల్లలకు నేర్పితే చాలు.