మీకు తెలుసా? పేరు పెట్టకముందే పోయిన బిడ్డల లెక్క

● ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి కోడలికి ఐదో నెలలో, 21వ వారంలో, కడుపులోనే బిడ్డ పోయిందనుకుందాం. మన రికార్డుల్లో అది గర్భస్రావం. అదే వారంలో అమెరికాలో ఉన్న ఆమె చెల్లెలికి అదే జరిగితే, అక్కడ చాలా రాష్ట్రాల్లో మృత జననంగా రాస్తారు. గర్భస్రావానికీ మృత జననానికీ మధ్య వాళ్ల గీత 20 వారాల దగ్గర, బ్రిటన్‌ది 24 దగ్గర, మనది 28 దగ్గర. మన ఇళ్లలో చెప్పుకునే తీరున ఐదో నెల, ఆరో నెల, ఏడో నెల.

● బ్రిటన్ గీత కూడా ఒకప్పుడు 28 వారాలే. 1992 అక్టోబర్ 1న 24కు దించారు. దాంతో మృత జననాల రేటు పైకి లేచింది. ఆసుపత్రుల్లో చెడిందేమీ లేదు, లెక్కలోకి రాని బిడ్డలు లెక్కలోకి వచ్చారంతే. ఈ తలనొప్పి ఎందుకనే, దేశాలను పోల్చేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ 28 వారాల కొలతే వాడుతుంది.

● ఒక్కసారి ఊపిరి తీసినా, బొడ్డుతాడు కొట్టుకున్నా ఆ బిడ్డ బతికి పుట్టినట్టే. 28 రోజులు నిండకుండా పోతే నవజాత మరణం. సోవియట్ యూనియన్‌లో మాత్రం 28 వారాలు నిండకుండా, కిలోకన్నా తక్కువ బరువుతో పుట్టి వారంలోపు పోయిన బిడ్డను అసలు పుట్టినట్టే రాసేవారు కాదు. అలా తగ్గించుకున్న శిశు మరణాల అంకెను చూసి మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు!

● మన దగ్గర నిమిషం బతికి పోయిన బిడ్డకు రెండు ఫారాలు: జననానికి 1, మరణానికి 2. చనిపోయి పుట్టిన బిడ్డకు ఒక్కటే, ఫారం 3.

● అన్నిటికన్నా వింత ఇది. 2020 శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే ప్రకారం మన దేశంలో వెయ్యి జననాలకు మృత జననాలు 3. ఐక్యరాజ్య సమితి 2019కి వేసిన అంచనా దాదాపు 14. దేశమొకటే, గీత కూడా 28 వారాలే, అంకె మాత్రం నాలుగు రెట్లు పైనే! సర్వే మనిషి గడపలో నిలబడి "ఇంట్లో కాన్పులేమైనా అయినాయా?" అంటాడు. ఉయ్యాల లేని ఇంట్లో ఏమని చెబుతారు? "లేవు సార్" అని తలుపు దగ్గరికి వేస్తారు. ఈ మౌనం వల్లనే మన అంకె అంత చిన్నదైందని నా నమ్మకం.

● నవజాత మరణాలు అదే 2020 సర్వేలో దేశం మొత్తమ్మీద వెయ్యికి 20, కేరళలో 4. 2030కల్లా ప్రతి దేశమూ చేరాల్సిన గురి 12.

● హిందూపురం కోడలు పురిటికి గౌరిబిదనూరులోని పుట్టింటికి వెళితే బిడ్డ కర్ణాటక రిజిస్టరులోకెక్కుతుంది, ఎక్కడ పుడితే అక్కడే నమోదు కాబట్టి. పెనుకొండలో కాన్పు కష్టమై అనంతపురం పెద్దాసుపత్రికి పంపితే, అక్కడ జరిగిన మరణం అనంతపురం పద్దులోనే పడుతుంది. ఆసుపత్రి రిజిస్టర్లు పట్టుకుని ఊళ్లను పోలిస్తే, కష్టమైన కేసుల్ని పంపిన ఊరు మంచిదిగానూ చేర్చుకున్న ఊరు చెడ్డదిగానూ కనిపిస్తుంది.

● ఆసుపత్రిలో జరిగితే నమోదు బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో జరిగితే ఇంటి పెద్దది. గడువు 21 రోజులు, ఆలోపు రుసుము లేదు. చనిపోయి పుట్టిన బిడ్డకూ ఇదే నిబంధన. మీ ఇంట్లో అలా జరిగి ఉంటే ఆ ఒక్క కాగితం రాయించండి.